పలకని పెడల్, నీరుగంటి నడక

పిలకాయలూ, తిరుపతి గంగమ్మ జాతరలో మైక్ సెట్టు కట్టేవాళ్లను ఎప్పుడైనా దగ్గర నిలబడి చూసినారా? ఆంప్లిఫయర్ ఆన్ చేస్తారు. మైక్ ఇంకా తగిలించరు. వైరు కొసన ఉండే పిన్నును వేలితో అట్ల తాకుతారు. చెట్టుకు కట్టిన హారన్‌లో నుంచి "బుర్ర్" మని మోత వస్తుంది. తల ఊపి పక్క పనికి పోతారు. ఆ ఒక్క తాకుడుతో వాళ్లకు ఎంత తెలిసిపోయిందో చూడండి. ఆంప్లిఫయర్ బాగుంది, హారన్ బాగుంది, నడుమ వైరు బాగుంది. ఇక మైక్ పలకలేదంటే తప్పు మైక్‌లోనో, దాని స్విచ్చిలోనో ఉండాలి. మీటరు లేదు, పుస్తకం లేదు, చూపుడు వేలు ఒక్కటే!

ఆ మోత యాడనుంచి వచ్చిందంటారా? మన ఇళ్లకు వచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊగిసలాట గోడల్లోని తీగలు దాటి గాలిలోకి కూడా కొంచెం పాకుతుంది. మన ఒళ్లు ఏరియల్ అయి దాన్ని పట్టుకుంటుంది. వేలు పెట్టగానే అది ఆంప్లిఫయర్‌లోకి దిగి, వందలింతలై, హారన్‌లో మోగుతుంది. మనకు తెలియకుండానే మనమంతా పగలూ రాత్రీ ఆ 50 లెక్కన సన్నగా ఊగుతానే ఉన్నామన్నమాట. నాకు ఈ సంగతి తెలిసినప్పుడు ఎంత సంబరమో!

కానీ ఒక్క మాట గట్టిగా చెబుతున్నా. ఈ వేలు పరీక్ష బ్యాటరీతో నడిచే చిన్న సర్క్యూట్ల దగ్గరే. కరెంటు బోర్డు దగ్గర గానీ, పాత వాల్వు ఆంప్లిఫయర్ మూత తీసి గానీ వద్దే వద్దు. వాల్వు వాటిల్లో మూడు నాలుగు వందల వోల్టులు ఉంటాయి. స్విచ్చి తీసేసినాక కూడా కెపాసిటర్లలో ఆ కరెంటు దాక్కుని ఉంటుంది.

ఇప్పుడు అసలు కథకు వస్తా. మా మనవడు గిటారు వాయిస్తాడు. పోయిన సెలవుల్లో వాడు, వాడి క్లాసు అమ్మాయి కలిసి సొంతంగా ఫజ్ పెడల్ ఒకటి చేసినారు. ఫజ్ అంటే గిటారు మోతను గరగరలాడించే పెట్టె. కాలితో నొక్కితే గరగర, మళ్లీ నొక్కితే మామూలు గిటారు. ఒక ట్రాన్సిస్టర్, రెండు డయోడ్లు, నాలుగైదు రెసిస్టర్లు, రెండు మూడు కెపాసిటర్లు, 9 వోల్టుల బ్యాటరీ. రంధ్రాలుండే జీరో పీసీబీ బోర్డు మీద టంకం వేసి, గిటారు తగిలించి, కాలితో నొక్కినారు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. "తాతా, ట్రాన్సిస్టర్ కాలిపోయినట్టుంది, కొత్తది తెస్తా" అని మనవడు బండి తాళం తీసుకున్నాడు. "ఉండు నాయనా, కాలిందని ఎవరు చెప్పినారు నీకు?" అన్నా.

ముందు ఆ పెట్టెలో జరిగేదేందో తెలియాలి గదా. గిటారు తీగ ఇనుముది. దాని కింద అయస్కాంతం, అయస్కాంతం చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగి తీగ వేల చుట్లు. ఇనుప తీగ ఊగితే అయస్కాంత క్షేత్రం కదులుతుంది, రాగి చుట్టలో కరెంటు పుడుతుంది. ఫారడే 1831లో కనిపెట్టిన సంగతే ఇది. మన ఊరికి కరెంటు పంపే పెద్ద జనరేటర్లో జరిగేదీ ఇదే. లావు తీగ సెకనుకు 82 సార్లు, సన్న తీగ 330 సార్లు ఊగుతాయి. పుట్టే కరెంటు మాత్రం చాలా నీరసం, వోల్టులో పదో వంతు అనుకోండి. ట్రాన్సిస్టర్ దాన్ని పదింతలు చేస్తుంది. అట్ల పెరిగిన అల డయోడ్ల దగ్గరికి వస్తుంది. అవి ఎదురెదురుగా కట్టిన రెండు సిలికాన్ డయోడ్లు. సుమారు 0.6 వోల్టులు దాటనీయవు. దాటబోయిందంతా గ్రౌండులోకి పోతుంది. నున్నగా ఎక్కి దిగాల్సిన అలకు పైనా కిందా తల తెగుతుంది. ఆ తెగిన అంచుల్లో నుంచి అసలు స్వరానికి మూడింతలు, ఐదింతలు వేగంతో ఊగే కొత్త స్వరాలు పుడతాయి. మనకు వినిపించే గరగర అవే.

ఈ గరగర లోకానికి ఎట్ల పరిచయమైందో వింటే మీకు నవ్వొస్తుంది. అమెరికాలో నాష్‌విల్ అనే ఊళ్లో మార్టీ రాబిన్స్ అనే గాయకుడి పాట రికార్డు చేస్తా ఉన్నారు. గ్రేడీ మార్టిన్ అనే ఆయన బేస్ గిటారు వాయిస్తుంటే, రికార్డింగు బల్లలో ఒక చానెల్ చెడిపోయి, మోత చీలికలు పేలికలుగా వచ్చింది. పారేయకుండా ఉంచేసినారు. 1961లో పాట బయటికి వచ్చి జనానికి నచ్చింది. మిగతా వాయిద్యకారులు వచ్చి "మాకూ ఆ మోత కావాల" అని అడగడం మొదలుపెట్టినారు. ఆ రికార్డింగు చేసిన ఇంజనీరు గ్లెన్ స్నాడీ కూర్చుని, చెడిపోయిన ఆ మోత లాంటిదాన్నే ట్రాన్సిస్టర్లతో కావాలని పుట్టించినాడు. 1962లో గిబ్సన్ కంపెనీ దాన్ని మాయెస్ట్రో ఫజ్‌టోన్ అని అమ్మింది. 1965లో రోలింగ్ స్టోన్స్ వాళ్ల 'శాటిస్‌ఫాక్షన్' పాటలో మోగినాక ఇక దానికి ఎదురు లేకపోయింది. చెడిపోయిన ఒక పెట్టె నుంచి పుట్టిన వాయిద్యమది. మా మనవడు బాగు చేయడానికి తిప్పలు పడుతున్నదల్లా ఆ చెడిపోయిన మోతను సరిగ్గా రాబట్టుకోవడానికే!

మనవాళ్లకు ఈ రుచి ముందే తెలుసు. తంబుర చూసినారా? తీగకూ, దాన్ని మోసే గుర్రానికీ నడుమ నూలుపోగు ఒకటి దూర్చి, అటూ ఇటూ జరిపి, సరైన చోటు దొరికేదాకా వెతుకుతారు. దాన్ని జీవా అంటారు. ఆ పోగు సరిగ్గా కుదిరితే తీగ గుర్రాన్ని సన్నగా తాకుతా పోయి, "జుమ్మ్" మని స్వరాల గుంపు లేస్తుంది. పోగు తీసేస్తే తంబుర చప్పగా అయిపోతుంది. సి.వి. రామన్ విశాఖపట్నంలో చదువుకున్న పిల్లోడే గదా, వీణ, తంబుర మీద ఆయనకు వల్లమాలిన ఇష్టం. 1921లో ఈ తంబుర గుర్రం గురించే ఒక పరిశోధన రాసినాడు. తీగను ఏ చోట మీటితే అక్కడ నిశ్చలంగా ఉండాల్సిన స్వరాలు వినబడకూడదని యూరపు శాస్త్రజ్ఞుల సూత్రం. తంబురలో మాత్రం అవి కూడా చక్కగా పలుకుతున్నాయని ఆయన చూపించినాడు. వెడల్పాటి గుర్రం, నూలుపోగు కలిసి చేసే పని అది. తంబురలో నూలుపోగు చేసే పనిని ఫజ్‌లో డయోడ్లు ఇంకో దారిలో చేస్తాయి. రెండూ నున్నటి ఊగుడును కొంచెం చెడగొట్టి కొత్త స్వరాలు పుట్టిస్తాయి.

సరే, పెడల్ దగ్గరికి పోదాం. మన చిత్తూరు పక్క చెరువుల కింద నీరుగంటి ఉంటాడు గదా, చెరువు నీళ్లు ఏ మడికి ఎప్పుడు పారాలో చూసేవాడు. ఆఖరి మడికి నీళ్లు రాలేదని రైతు వచ్చి మొత్తుకుంటే, నీరుగంటి కాలవంతా తవ్వడు. పార భుజాన వేసుకుని తూము దగ్గర నుంచి నడుస్తాడు. ఇక్కడ పారుతున్నాయా? పారుతున్నాయి. మలుపు దగ్గర? పారుతున్నాయి. తుమ్మచెట్టు దగ్గర? లేవు. అంటే మలుపుకూ తుమ్మచెట్టుకూ నడుమనే గండి. అనుభవం ఉన్నవాడైతే నేరుగా కాలవ నడిమికి పోయి చూస్తాడు. నీళ్లుంటే కింది సగం, లేకుంటే పై సగం. మళ్లీ అందులో సగం. ఎంత పొడుగు కాలవైనా నాలుగైదు చోట్ల చూస్తే దొరికిపోతుంది. మూగబోయిన సర్క్యూట్‌ను వెతకాల్సిందీ ఇట్లనే. కనబడిన పార్టునల్లా పీకి కొత్తది వేస్తా పోతే, పాత తప్పు అట్లే ఉంటుంది, టంకం వేడికి కొత్త తప్పు ఇంకోటి చేరుతుంది.

మొదట కాలి స్విచ్చి నొక్కి మామూలు గిటారు వస్తోందా చూడమన్నా. వచ్చింది. అంటే గిటారు బాగుంది, వైర్లు బాగున్నాయి, రెండు జాకులూ బాగున్నాయి, ఆంప్లిఫయర్ బాగుంది. ఒక్క నొక్కుడుతో సగం అనుమానాలు పోయినాయి. తప్పు బోర్డు మీదనో, బ్యాటరీ దారిలోనో ఉంది.

ఈ బ్యాటరీ దారిలో ఒక చమత్కారం ఉంది. ఇట్లాంటి పెడల్‌కు వేరే ఆన్ స్విచ్చి ఉండదు. గిటారు తగిలించే జాకే స్విచ్చి. అక్కడ మూడు రేకులుండే స్టీరియో జాకు పెట్టి, నడిమి రేకుకు బ్యాటరీ నెగటివ్ కడతారు. గిటారు పిన్నుకు పొడుగాటి లోహపు ఒళ్లు ఉంటుంది. అది లోపలికి పోగానే నడిమి రేకును గ్రౌండు రేకుతో కలిపేస్తుంది, బ్యాటరీ పనిలోకి దిగుతుంది. రాత్రి పిన్ను పీకకుండా పడుకుంటే తెల్లవార్లూ బ్యాటరీ కరుగుతానే ఉంటుందన్నమాట. ఈ పెడల్ తాగే కరెంటు సుమారు ఒక మిల్లీ ఆంపియర్ కాబట్టి మంచి ఆల్కలైన్ బ్యాటరీ లెక్క ప్రకారం ఐదు వందల గంటల దాకా వస్తుంది, ఒక రాత్రికే ప్రాణం పోదులే. 9 వోల్టుల బ్యాటరీ పైరేకు విప్పి చూస్తే లోపల ఒకటిన్నర వోల్టుల గదులు ఆరు వరసగా ఉంటాయి. మన తిరుపతి పక్కన కరకంబాడిలో అమరరాజా వాళ్లు చేసే కారు బ్యాటరీలోనూ గదులు ఆరే. అక్కడ ఒక్కొక్కటీ రెండు వోల్టులు, మొత్తం 12. వోల్టు ఎంతన్నది లోపలి రసాయనాలను బట్టి ఉంటుంది, గది పెద్దదా చిన్నదా అన్నదాన్ని బట్టి కాదు.

మీటరు పెట్టి చూసినాం. బోర్డుకు తొమ్మిదికి కొంచెం తక్కువ వస్తోంది. బాగుంది. బ్యాటరీకి బదులు అడాప్టర్ వాడేవాళ్లు ఇక్కడే జాగ్రత్త పడాలి. గిటారు పెడల్ అడాప్టర్లకు ఎక్కువగా పిన్ను నడుమ నెగటివ్ ఉంటుంది. ఇంట్లో ఉండే చాలా అడాప్టర్లకు నడుమ పాజిటివ్. తిరగేసి పెడితే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఉబ్బుతుంది. మొదట్లోనే ఒక డయోడ్ అడ్డం పెట్టుకుంటే ఆ బాధ ఉండదు.

కరెంటు కాలవ బాగుంది గాబట్టి ఇక పాట కాలవ చూడాలి. దానికొక పరికరం ఇంట్లోనే చేసుకోవచ్చు. ఆంప్లిఫయర్ వైరు నడిమి తీగకు 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి అతికించి, గ్రౌండు తీగను పెడల్ గ్రౌండుకు కట్టాలి. కెపాసిటర్ రెండో కాలే మన వేలు. బ్యాటరీ కరెంటు నిలకడగా ఉంటుంది గాబట్టి కెపాసిటర్ దాన్ని ఆపేస్తుంది, ఊగే పాటను మాత్రం దాటనిస్తుంది. అమ్మాయి గిటారు మీటుతా ఉంటే, మనవడు ఆంప్లిఫయర్ వాల్యూమ్ బాగా తగ్గించి, ఆ కాలితో బోర్డు మీద ఒక్కో చోటూ తాకుతా పోయినాడు. లోపలికి వచ్చే చోట గిటారు వినిపించింది. మొదటి కెపాసిటర్ దాటినాక కూడా. ట్రాన్సిస్టర్‌కు బేస్, కలెక్టర్, ఎమిటర్ అని మూడు కాళ్లుంటాయి; పాట లోపలికి పోయే బేస్ దగ్గర కూడా. పెరిగిన పాట బయటికి వచ్చే కలెక్టర్ దగ్గర పెడితే బావిలో నుంచి పిలిచినట్టు పీలగా ఉంది. పదింతలు పెరగాల్సింది పెరగలేదు. "ఇక్కడే తాతా!" అని ఇద్దరూ ఒకేసారి అరిచినారు. ఇంట్లో నుంచి వాళ్ల అవ్వ ఏమైందోనని బయటికి వచ్చింది.

చోటు దొరికింది, ఇక కారణం కావాలి. మళ్లీ మీటరు తీసినాం. ఈ సర్క్యూట్‌లో కలెక్టర్ దగ్గర బ్యాటరీలో సుమారు సగం, నాలుగున్నర వోల్టులు ఉండాలి. అల పైకి లేవడానికీ కిందికి దిగడానికీ సమానంగా చోటుంటుందని అట్ల పెట్టుకుంటారు. మీటరు తొమ్మిదికి దగ్గరగా చూపిస్తోంది. ఈ ఒక్క అంకెను చదవడం వస్తే చాలు. కలెక్టర్‌కు బ్యాటరీ నుంచి ఒక రెసిస్టర్ గుండా కరెంటు వస్తుంది. రెసిస్టర్‌లో కరెంటు పారితే కొన్ని వోల్టులు అక్కడ ఖర్చవుతాయి. ఖర్చే కనబడలేదంటే దాదాపు ఏమీ పారడం లేదు. ట్రాన్సిస్టర్ నిద్రపోతోంది. ఎందుకు? ఎమిటర్ కాలు టంకం సరిగ్గా పట్టలేదేమోనని చూసినాం. సరిగ్గా పట్టిన టంకం నున్నగా మెరుస్తుంది, కాలి చుట్టూ సన్నగా ఎక్కుతుంది. పట్టనిది బూడిదరంగులో గుండ్రంగా ముద్దలా కూర్చుంటుంది. ఇది మెరుస్తానే ఉంది.

అప్పుడు ఆ అమ్మాయి భూతద్దం పెట్టి ట్రాన్సిస్టర్ మీది అక్షరాలు చదివింది. వాళ్లు చూసి చేసిన సర్క్యూట్ పటంలో ఉండేది బీసీ 547. వీళ్లు పెట్టింది టూ ఎన్ 3904. అంగట్లో మొదటిది లేక రెండోది ఇచ్చినారంట. రెండూ మంచివే, ఈ పనికి రెండూ సరిపోతాయి. కానీ చదును ముఖం మన వైపు పెట్టి, కాళ్లు కిందికి పట్టుకుంటే, బీసీ 547కు ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. టూ ఎన్ 3904కు ఎమిటర్, బేస్, కలెక్టర్. చూడటానికి ఇద్దరూ కవలలు, కాళ్లు మాత్రం తారుమారు. తిరగేసి పెట్టినా ట్రాన్సిస్టర్ చచ్చిపోదు, కొంచెం పని చేస్తుంది కూడా. పెంచే శక్తి మాత్రం వందల నుంచి ఏ నాలుగైదింతలకో పడిపోతుంది. పీకి, తిప్పి పెట్టినారు. నాలుగున్నరకు దగ్గరగా వచ్చింది. గిటారు మీటగానే పంచె బిగించినట్టు గట్టిగా, గరగరగా మోగింది! కాలిందనుకున్న ట్రాన్సిస్టర్ నిక్షేపంగా ఉంది, బండి తాళం మళ్లీ గూట్లోకి పోయింది.

ఇట్లాంటి పెడల్స్‌లో ఇంకో విడ్డూరం చూసినా. కొన్నేళ్ల కిందట మా వీధిలో ఒక అబ్బాయి చేసిన ఫజ్‌లో, వాయించడం ఆపినప్పుడల్లా ఎవరో సన్నగా మాట్లాడుతున్నట్టు వినబడేది. పిలకాయలు భయపడినారు. చెవి పెట్టి వింటే కడప ఆకాశవాణి! అందులో రేడియో పార్టు ఒక్కటీ లేదు. గిటారు వైరు పొడుగ్గా ఉండి ఏరియల్ అయింది. ట్రాన్సిస్టర్‌లో బేసుకూ ఎమిటరుకూ నడుమ ఉండే జంక్షన్ డయోడ్ లాంటిదే గాబట్టి, మీడియం వేవ్ అలను ఒక వైపే పోనిచ్చి, దాని మీద సవారీ చేస్తున్న మాటను విడదీసింది. జగదీశ్ చంద్ర బోస్ గెలీనా అనే సీసపు రాయితో రేడియో అలలను పట్టినది ఈ గుణంతోనే. 1901లో దరఖాస్తు పెడితే 1904లో అమెరికాలో ఆయనకు పేటెంటు వచ్చింది. వందేళ్ల కిందట ఎంతో శ్రమపడి సాధించినది ఈ అబ్బాయికి వద్దన్నా వచ్చేసింది! మందు చాలా చిన్నది. బేస్ నుంచి గ్రౌండుకు 100 పీకోఫారడ్ల కెపాసిటర్ ఒకటి. రేడియో అల వేగం ఎక్కువ గాబట్టి దానిగుండా జారిపోతుంది, నెమ్మదిగా ఊగే గిటారు మోత మిగులుతుంది. పైగా అంతా అల్యూమినియం పెట్టెలో పెట్టి, పెట్టెను గ్రౌండుకు కలపాలి. వాయించకుండానే పెడల్ కూతపెడితే మాత్రం లోపలికి పోయే వైరూ బయటికి వచ్చే వైరూ పక్కపక్కన పడి ఉన్నాయేమో చూడండి. పెరిగిన మోత మళ్లీ మొదటికి చేరి తిరుగుతా ఉంటుంది. రెండింటినీ దూరం జరిపితే చాలు.

అక్కర్లేని మోతలోంచి కావాల్సిన మోతను ఏరుకునే పని పెద్ద ఎత్తున చూడాలంటే దూరం పోనక్కర్లేదు. తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో, పాకాల పక్కన గాదంకి ఉంది. అక్కడ వాతావరణ పరిశోధనశాల రాడార్ 53 మెగాహెర్ట్జ్ అలలను ఆకాశంలోకి పంపుతుంది. 130 మీటర్ల పొడుగు, అంతే వెడల్పు నేలలో 1,024 యాంటెనాలు, 32 వరసల్లో 32 చొప్పున. మేఘం లేని ఖాళీ ఆకాశంలో గాలి సుడుల నుంచి తిరిగి వచ్చే ప్రతిధ్వని ఎంత బలహీనమో మన ఊహకు అందదు. దాన్ని పట్టడానికి వాళ్లు ఒక్క అలను నమ్మరు. చాలా అలలు పంపి, తిరిగి వచ్చినవాటినన్నిటినీ కూడుతారు. గాలి నుంచి వచ్చింది ప్రతిసారీ ఒకే తీరుగా వస్తుంది గాబట్టి పోగవుతుంది. రొద ఒకసారి పైకి, ఒకసారి కిందికి ఉంటుంది గాబట్టి కూడేకొద్దీ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. అట్ల మన నెత్తి మీద కిలోమీటర్ల ఎత్తున గాలి ఎటు, ఎంత వేగంతో పోతోందో చెబుతారు.

మన ఎండల గురించి చెప్పకపోతే పెడల్ కథ పూర్తి కాదు. 1966లో ఇంగ్లండులో వచ్చిన ఫజ్ ఫేస్ అనే పెడల్‌లో మొదట జెర్మేనియం ట్రాన్సిస్టర్లు వాడినారు. ఆ మోత మెత్తగా, తియ్యగా ఉంటుందని ఇప్పటికీ పాత రేడియోల్లో నుంచి వాటిని ఏరుకునేవాళ్లున్నారు. కానీ జెర్మేనియంలో పిలవని కరెంటు కొంచెం కారుతా ఉంటుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే ఆ కారుడు దాదాపు రెట్టింపవుతుంది. లండన్ చలిలో సగం దగ్గర కుదిర్చిన కలెక్టర్ వోల్టు, తిరుపతి మే నెల మధ్యాహ్నం ఎటో జారిపోతుంది. పొద్దున బాగా పలికింది మిట్టమధ్యాహ్నం తుంపులు తుంపులుగా పలికితే పార్టు చెడిపోయిందని పీకేయకండి. నీడలో చల్లారనిచ్చి మళ్లీ చూడండి. సిలికాన్‌లో ఈ కారుడు ఎంతో తక్కువ గాబట్టి మన ఊళ్లకు అదే మేలని నా అభిప్రాయం.

మూత తీసి ఉంటే పలుకుతుంది, మూత బిగిస్తే మూగబోతుంది, ఈ ఫిర్యాదు చాలామంది చేస్తారు. పిన్ను లోపలికి తోసినప్పుడు జాకు రేకు వెనక్కి వంగి బోర్డుకో, పెట్టె గోడకో తగులుతుంది. లేకుంటే బోర్డు వెనక పొడుచుకు వచ్చిన కాళ్లు అల్యూమినియం మూతకు ఆనుతాయి. కాళ్లు పొట్టిగా కత్తిరించి, బోర్డుకూ మూతకూ నడుమ పాత పెళ్లిపత్రిక అట్ట ఒకటి కోసి పెడితే సరి. మనవడి పెట్టెకు అదే పెట్టినాం.

రేపు వచ్చేటప్పుడు ఎర్ర ఎల్‌ఈడీలు రెండు తెచ్చుకోండి. సిలికాన్ డయోడ్ల చోట వాటిని ఎదురెదురుగా పెడదాం. అవి సుమారు 1.8 వోల్టుల దాకా అలను పోనిస్తాయి. మెల్లగా మీటితే నున్నగా, గట్టిగా మీటితేనే గరగరగా పలుకుతుంది. గరగర వచ్చినప్పుడు అవి మినుకుమంటాయో లేదో చీకట్లో కూర్చుని చూద్దాం. ఆ కరెంటుకు కనబడదని అమ్మాయి అంటోంది, కనబడుతుందని మనవడు అంటున్నాడు.